కాళ్లు లెక్కపెట్టి వేసిన రోడ్డు

ముందు మీరు చెప్పండి. మీ ఊరి పక్కన కొత్త రోడ్డు పడింది కదా, ప్రారంభోత్సవం నాడు వెళ్లి ఎండలో నిలబడ్డారు కదా, ఏం చూశారు? రిబ్బను చూశారు. కత్తెర చూశారు. దండల్లో మునిగిపోయిన మెడలు చూశారు. అడిగేది అది కాదు. ఆ రోడ్డు పడకముందు అక్కడ ఏముండేదో చూశారా? చూసే ఉంటారు, రోజూ అటే నడిచారు. ఇప్పుడు అడిగితే గుర్తు రావడం లేదు, అంతే.

గుర్తు రాకపోతే ఇది వినండి.

ఒక పెద్ద అడవిలో, ఎండాకాలం వస్తే చుక్క నీరు దొరకని రాతిగుట్ట ఒకటి ఉండేది. ఆ గుట్ట మీద నడవలేనివాళ్లంతా కాపురం ఉండేవాళ్లు. నత్తలు, తాబేళ్లు, ముసలి ఉడుములు, కుంటి కుందేళ్లు, చంటిపిల్లల ఉడతలు. గట్టి కాళ్లున్నవాళ్లు కొలను చుట్టూ మంచి చోట్లన్నీ పట్టేశాక మిగిలినవాళ్లకి మిగిలింది ఆ గుట్ట. అడవైనా అంతే.

గుట్టకీ కొలనుకీ మధ్య రెండు కోసుల దూరం. అయినా గుట్ట మీద ఎవరూ దాహంతో పోలేదు. కారణం ఏనుగుల వరస.

నాంచారమ్మ అనే పెద్ద ఏనుగు తన మందని వెంటేసుకుని పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి మద్దిచెట్ల నీడన కొలనుకి పోయేది. గుట్ట దగ్గర ఆగి తొండం నేలకి ఆనించేది. ఎక్కేవాళ్లు ఎక్కేవాళ్లు. ఒక్కో ఏనుగు మీద యాభై అరవై మంది. నత్తలు చెవుల వెనక అతుక్కునేవి. కుర్ర ఉడతలు చోటున్నా సరే తోక పట్టుకునే వేలాడేవి. "లోపలికి జరగండమ్మా, లోపలికి జరగండి" అని నాంచారమ్మ అరుస్తుంటే, ఏనుగు మీద లోపలేమిటో ఎవరికీ తెలియకపోయినా అందరూ జరిగేవాళ్లు.

ఆ ఏనుగుల్ని గుట్ట దగ్గర ఆగేలా చేసింది ముళ్లపంది గవరమ్మ. గుట్ట మీద అందరికన్నా పెద్దది. మోకాళ్లు పోయి పదేళ్లయింది గానీ నోరు పోలేదు. వయసులో ఉండగా వచ్చిన పెద్ద కరువులో ఆవిడా, నలుగురు తోబుట్టువులూ కొలనుకి బయల్దేరితే, చేరింది ఆవిడొక్కతే. తిరిగొచ్చిన మర్నాడే వెళ్లి ఏనుగుల దారికి అడ్డంగా ముళ్లు విప్పుకుని కూర్చుంది. పన్నెండు రోజులు ఏనుగులు చుట్టు తిరిగి పోయాయి. పదమూడో రోజు నాంచారమ్మకి విసుగొచ్చింది.

"ఏం కావాలే నీకు?"

"ఎక్కాలి."

"నువ్వొక్కదానివేనా?"

"గుట్టంతా."

నాంచారమ్మ గుట్ట వైపు చూసింది, గవరమ్మ ముళ్ల వైపు చూసింది. "సరే, నువ్వు మాత్రం నడుమ్మీద కాకుండా వెనకాల కూర్చో" అంది. అప్పట్నుంచీ వాళ్లిద్దరూ వదినా మరదళ్ల వరసైపోయారు.

ఇలా రోజులు బాగానే పోతుండగా, మృగరాజు పక్క అడవిలో పెళ్లికి వెళ్లొచ్చాడు. వచ్చినప్పట్నుంచీ తిండి సహించడం లేదు. మంత్రి నక్క దగ్గరికొచ్చి, "ఏమైంది ప్రభూ? పెళ్లిభోజనం పడలేదా?" అన్నాడు.

"భోజనం కాదయ్యా. ఆ అడవి రాజు తన గుహ ముందు నిలబడితే కొలను కనిపిస్తోంది. మధ్యలో ఒక్క చెట్టు లేదు. నేలంతా అరచెయ్యిలా ఉంది. ఏమిటిదంటే రోడ్డు అన్నాడు. అని, మీకు లేదా అని అడిగాడు. నలుగురిలో."

"మీరేం చెప్పారు?"

"వేయిస్తున్నాం అని చెప్పాను."

"చెప్పారంటే వేసినట్టే" అన్నాడు నక్క. అని, అటునుంచటే అడవిపంది దగ్గరికి పోయాడు.

అడవిపంది కాంట్రాక్టరు. తవ్విన చోట దొరికిన దుంపలన్నీ తవ్వినవాడివే అని ఆ అడవి చట్టం. ఇక తవ్విన చోట బొరియల్లోంచి ఎలుకలు బయటికొస్తాయి, ఎలుకలంటే నక్కకి ప్రాణం. రోడ్డు వెయ్యడానికి ఇంతకన్నా బలమైన కారణం వాళ్లిద్దరికీ అక్కర్లేకపోయింది. కానీ ఊరికే వేశామంటే బాగుండదు. జనానికి అవసరమని తేలాలి. తేలాలంటే సర్వే జరగాలి. సర్వేకి కోతిని వేశారు.

"ఏం లెక్కపెట్టమంటారు?" అన్నాడు కోతి.

"ఆ దారిన ఎంత రద్దీ ఉందో. ఎన్ని కాళ్లు పోతున్నాయో లెక్కపెట్టు" అన్నాడు నక్క. "తొలకరి పడిన మర్నాడు మొదలుపెట్టు. ముందు వద్దు."

తొలకరి పడిన మర్నాడు ఏ అడవిలోనైనా ఏం జరుగుతుంది? ఎర్రటి రోకలిబండ పురుగులు నేలలోంచి పుట్టుకొచ్చి, వేల మీద వేలు పాకుతూ పోతాయి. ఆ పొద్దున గవరమ్మ ఏనుగెక్కి కొలనుకి పోతూ, దారి పక్కన బండ మీద కోతి చెమటలు కక్కుతూ కూర్చోవడం చూసింది. వదినని ఒక్క క్షణం ఆగమంది.

"ఏరా, ఏం చేస్తున్నావు?"

"మాట్లాడించకు మామ్మా, లెక్క తప్పుతుంది. కాళ్లు లెక్కపెడుతున్నా. రద్దీ సర్వే."

"ఆ ఒక్క పురుగుకి ఎంత వేశావు?"

"రెండొందల నలభై. రెండుసార్లు లెక్కపెట్టాను. మూడోసారి అది చుట్ట చుట్టుకుంది."

"మరి మా ఏనుగుకి?"

"నాలుగు."

"దాని మీద యాభైమందిమి ఉన్నాం కదరా."

"ఉంటే? మీ కాళ్లు నేల మీద లేవుగా. నేలకి తగలని కాలు రద్దీ కిందకి రాదు. రూలు."

"పాము పోతేనో?"

"పోలేదని రాసుకుంటాం" అన్నాడు కోతి. మళ్లీ పురుగుల మీదకి వంగాడు.

నాంచారమ్మ నవ్వింది. వెనకాల ఉడతలు కూడా నవ్వాయి. గవరమ్మకి మాత్రం నవ్వు రాలేదు. రద్దీ లెక్కలో లేనివాళ్లు రేపు ఇంక దేంట్లోనూ ఉండరని ఆవిడకి తెలుసు. కరువులో ఒకసారి చూసింది. గుట్ట మీద పోయినవాళ్ల లెక్క ఎవరూ రాసుకోలేదు, ఎందుకంటే ఉన్నవాళ్ల లెక్క అంతకుముందు ఎవరూ రాసుకోలేదు.

పది రోజులకి నివేదిక తయారైంది. రోజుకి లక్షా పద్దెనిమిది వేల కాళ్లు. కొలువులో కోతి ఆ అంకె చదవగానే మృగరాజు గద్దె మీద ముందుకి జరిగాడు.

"మన అడవిలో ఇంతమంది ఉన్నారా?"

"ఇది ఈ ఏడు లెక్క ప్రభూ. ఇరవై ఏళ్లలో మూడింతలవుతుంది" అన్నాడు నక్క. "పాత కాలిబాట ఏ మూలకి సరిపోతుంది? తమరి గుహ నుంచి ఆ కాలిబాట మీదుగా కొలను దాకా, ముప్పై ఏనుగులు పక్కపక్కన నడిచేంత వెడల్పున, తిన్నగా వేద్దాం."

"ఏనుగుల్ని అడిగారా?" అంది గోడవారన కూర్చున్న గుడ్లగూబ, సగం నిద్రలో.

"వాటికి నాలుగే కాళ్లండీ" అన్నాడు కోతి. గుడ్లగూబ మిగతా సగం నిద్రలోకి కూడా పోయింది.

ఆ సాయంత్రం గుట్ట మీదికి తాబేలు సన్యాసి మెడ ఎప్పుడూ లేనంత పొడుగ్గా చాపుకుని వచ్చాడు. సన్యాసి గవరమ్మకి పక్క బొరియవాడు. ముప్పై ఏళ్లుగా ఏనుగు ఎక్కించేటప్పుడు ఆవిడే వెనకనుంచి నెట్టేది.

"అక్కా, నా బొమ్మ వేశారు" అన్నాడు.

"ఎక్కడ?"

"పెద్ద టేకాకు మీద. పైన 'వేగం అందరి హక్కు' అని రాసి, కింద నన్ను వేశారు. మంత్రిగారే స్వయంగా పిలిచి చెప్పారు. రోడ్డు పడితే నేను పొద్దున బయల్దేరి పొద్దునే కొలనుకి చేరతానట."

"ఎలా చేరతావురా?"

"రోడ్డు తిన్నగా ఉంటుందటక్కా."

"రోడ్డు తిన్నగా ఉంటే నీ కాళ్లు పొడుగవుతాయా?"

సన్యాసి కాసేపు ఆలోచించాడు. ఆలోచించడంలో కూడా అతనిది అదే నడక. చివరికి, "నీకు నా బాగు చూస్తే ఓర్వలేనితనం" అన్నాడు. తల లోపలికి లాక్కున్నాడు. ముప్పై ఏళ్లలో వాళ్లిద్దరూ మాట్లాడుకోకుండా పడుకోవడం అదే మొదలు.

చట్టప్రకారం ప్రజాభిప్రాయం అడగాలి. అడిగారు. మృగరాజు గుహ ముందు, నడినెత్తి మీద ఎండ ఉన్నప్పుడు, ఏనుగుల వరస పోని వైపున. గుట్ట నుంచి అక్కడికి నడిచి చేరగలిగింది గవరమ్మ ఒక్కతే. అది కూడా ముందురోజు పొద్దున బయల్దేరి.

ఆ అడవిలో ఒప్పుకుంటే తల ఊపడం ఆచారం. ఊపిన తలల్ని కోతి లెక్కపెడతాడు. గవరమ్మ రొప్పుకుంటూ వెళ్లేసరికి ముందు ఆరు వరసల్లో తొండలు కూర్చుని ఉన్నాయి. మూడొందల తొండలు. పొద్దున్నే ఉసిళ్ల ఫలహారం పెట్టి మరీ తీసుకొచ్చారు. తొండకి తల ఊపడం జబ్బూ కాదు, అభిప్రాయమూ కాదు. పుట్టుక.

"అభ్యంతరాలేమైనా ఉంటే చెప్పొచ్చు" అన్నాడు నక్క, ఉండవన్న ధీమాతో.

"ఉన్నాయి" అంది గవరమ్మ. "రోడ్డు వద్దంటే వెనకబడ్డదాన్నంటారు. వెనకబడ్డదాన్నే, మోకాళ్ల నొప్పులు. అయినా రెండు మాటలు చెప్పి పోతాను. కొలనుకి మేం పోయేది నీళ్ల కోసం, వేగం కోసం కాదు. పదిమందిలో తొమ్మిదిమంది ఏనుగుల మీదే పోతున్నారు. వరసలో ఇంకో నాలుగు ఏనుగుల్ని పెట్టించండి. మధ్యాహ్నం ఒక విడత తిప్పించండి. వాగు దగ్గర నాలుగు బండలు పడేస్తే నడిచేవాళ్లు పాదం తడవకుండా దాటుతారు. మా గుట్ట కింద ఒక చెలమ తవ్విస్తే సగంమంది అసలు కొలను దాకా రానక్కర్లేదు. ఇందులో ఒక్క చెట్టు కొట్టే పని లేదు. మద్దిచెట్లు కొట్టారంటే నీడ పోతుంది. నీడ పోతే ఏనుగులు రావు. ఏనుగులు రాకపోతే గుట్ట మీద ఈ ఎండాకాలం దాటం. అంత తేలిక లెక్క ఇది."

అడవిపంది ఆసక్తిగా ముందుకి వంగాడు. "ఆ చెలమ ఎంత లోతు తవ్వాలంటావు పెద్దమ్మా?"

"మూడు మూరలు."

"అంతేనా? మూడు మూరల్లో దుంపలేం ఉంటాయి" అని అడవిపంది వెనక్కి వాలిపోయాడు.

"పెద్దమ్మగారి సూచనలు చాలా విలువైనవి. నమోదు చేసుకున్నాం" అన్నాడు నక్క. నమోదు చేసిన లేతాకుని కోతి అప్పటికే నోట్లో పెట్టుకున్నాడు. "ఇక రోడ్డు కావాలనేవాళ్లు తల ఊపండి."

మూడొందల తలలు ఊగాయి.

"వద్దనేవాళ్లని కూడా అడుగు" అంది గవరమ్మ.

నక్క అడిగాడు. మూడొందల తలలు ఊగుతూనే ఉన్నాయి.

"చూశావా? దీన్ని ఏమంటావు?" అంది గవరమ్మ.

"విశాల హృదయం అంటాను" అన్నాడు నక్క. "చట్టప్రకారం మొదట ఊపిన ఊపే లెక్క."

గవరమ్మ ముళ్లు నిక్కబొడుచుకున్నాయి. పక్కనున్న తొండ ఒకటి జాలిగా చూసి, "నిజమే అవ్వా, నువ్వు చెప్పిందీ నిజమే" అని ఆవిడకి కూడా తల ఊపింది.

పని మొదలైంది. అడవిపంది బంధుబలగమంతా దిగి గుహ నుంచి కొలను దాకా నేల తిరగేశారు. మద్దిచెట్లు పడ్డాయి. వాగుకి అడ్డంగా మట్టికట్ట పడింది. దుంపలు అడవిపందికి, ఎలుకలు నక్కకి, ఆకులు కోతికి. మృగరాజుకి రోజూ పొద్దున గుహ ముందు నిలబడి కొలను ఎంత వరకూ కనిపిస్తోందో చూసుకోవడం.

మాఘం వెళ్లగానే నాంచారమ్మ గుట్ట దగ్గర ఆగింది. తొండం నేలకి ఆనించలేదు.

"పాదాలు కాలుతున్నాయే గవరమ్మా. గున్నల్ని ఆ ఎండలో నడిపించలేను. మేం వెదురుకోన వైపు పోతున్నాం. అటునుంచి కొలనుకి వేరే దారి ఉంది, నీడ ఉంది. చుట్టే అనుకో."

"మరి మేము?"

నాంచారమ్మ చెవులు ఆడించింది. చెవుల వెనక అలవాటుగా అతుక్కున్న రెండు నత్తల్ని తొండంతో తీసి, మెల్లిగా రాతి మీద పెట్టి వెళ్లిపోయింది.

రోడ్డు ప్రారంభోత్సవం ఘనంగా జరిగింది. అడవితీగ అడ్డంగా కట్టి, మృగరాజు గోటితో తెంపాడు. మొదట అడుగు పెట్టే గౌరవం తాబేలు సన్యాసిది. మెడలో మోదుగుపూల దండ వేశారు. సన్యాసి రోడ్డు మీద ఒక అడుగు వేశాడు. నక్క మాట్లాడాడు. సన్యాసి రెండో అడుగు వేశాడు. మృగరాజు మాట్లాడాడు. సన్యాసి మూడో అడుగు వేసేలోపు ఉపన్యాసాలయ్యాయి, ఫలహారాలయ్యాయి, అందరూ ఇళ్లకి పోయారు. సన్యాసి నడుస్తూనే ఉన్నాడు. మధ్యాహ్నానికి నేల పెనంలా కాలింది. పూలు కమిలిపోయాయి. ఎటు చూసినా దూరదామంటే గడ్డిపరక లేదు. తల, కాళ్లు లోపలికి లాక్కుని నడిరోడ్డు మీద రాయిలా ఉండిపోయాడు.

ఇదివరకు ఏనుగులెక్కి పోయేవాళ్లలో కాస్త నడవగలిగినవాళ్లంతా మర్నాటి నుంచి ఎవరికి వాళ్లు రోడ్డెక్కారు. పది ఏనుగుల మీద సర్దుకుని పోయే ఆరొందలమంది ఆరొందల చోట్ల పరిగెత్తడం మొదలుపెట్టారు. పాత కాలిబాటన నడిచే దుప్పులు, అడవిగేదెలు కూడా వచ్చి చేరాయి. దుమ్ము లేచింది. దుప్పుల మంద ముందు, ఆ వెనక అడవిగేదెలు, ఆ వెనక కుందేళ్లు, అన్నిటికీ ముందు నడిరోడ్డు మీద సన్యాసి. ఒకర్నొకరు గుద్దుకుని మధ్యాహ్నం దాకా ఎవరూ కదల్లేదు. పాత కాలిబాటలో ఇలాంటిది ఎప్పుడూ జరగలేదు.

నక్క వచ్చి చూశాడు. వెంటనే రెండు ఉత్తర్వులు ఇచ్చాడు. రోడ్డుని రెండింతలు వెడల్పు చెయ్యాలి, ఇది మొదటిది. నెమ్మదిగా నడిచేవాళ్లు రోడ్డెక్కకూడదు, ఇది రెండోది. ఆ రెండో ఉత్తర్వు రాసిన బోర్డు పాతడానికి స్థలం కావాల్సొచ్చి, సన్యాసిని ఎత్తి పక్కన పారేశారు. ఆ బోర్డు మీద కూడా అతని బొమ్మే వేశారు. ఈసారి అడ్డంగా గీత కొట్టి.

సన్యాసి గుట్టకి చేరడానికి నాలుగు రోజులు పట్టింది. గవరమ్మ బొరియ ముందు ఆగాడు. ఆవిడ తన వాటా నీళ్లదుంపలో సగం విరిచి ముందు పెట్టింది.

"అనక్కా, తిట్టు" అన్నాడు సన్యాసి.

"తిను ముందు. తిట్టడానికి నాకూ, వినడానికి నీకూ ఓపిక ఉండాలి."

ఆ వారంలోనే గుట్ట కింది నత్తల కుటుంబం ఒకటి, ఎలాగైనా కొలను చేరుదామని, వేకువన రోడ్డు మీదికి దిగింది. సగం దాకా వెళ్లిన జాడ కనిపించింది. ముందుకి జాడ లేదు, వెనక్కీ జాడ లేదు. కోతి సర్వేలో నత్తకి కాళ్లు లేవు కాబట్టి ఆ విషయం ఎక్కడా ఎక్కలేదు.

గవరమ్మ ఇక మంత్రికి చెప్పి చూడలేదు. మర్నాడు పొద్దున వెదురుకోన వైపు బయల్దేరింది. కుంటుకుంటూ, రాళ్లు పట్టుకుంటూ, మూడు పగళ్లు నడిచింది. నాంచారమ్మ వెదురు విరుస్తూ ఆవిణ్ని చూసి విరిచింది వదిలేసింది.

"ఈ మోకాళ్లతో ఎలా వచ్చావే?"

"నడిచి వచ్చాను. ఎక్కించుకునేవాళ్లు లేకపోతే ఎలా వస్తారు?"

"దెప్పకు. నా పాదాలు చూడు, పొలుసులు లేచిపోయాయి."

"చూశాను. అందుకే ఆ రోడ్డు మీదికి రమ్మనడం లేదు. మా గుట్ట వెనక నుంచి నీ వెదురుకోన దాకా చింతచెట్ల వరస ఉంది. మధ్యలో తుప్పలు, ముళ్లకంపలు. అవి మేం తీస్తాం. నువ్వు కాస్త చుట్టు తిరిగి మా వెనకవైపు నుంచి పో."

"మీరు తీస్తారా? నత్తలూ తాబేళ్లూ కలిసి తుప్పలు కొట్టేసరికి మళ్లీ తొలకరి వస్తుంది."

"వారం చూడు. రాకపోతే దారికడ్డంగా కూర్చోవడం నేనింకా మర్చిపోలేదు."

నాంచారమ్మ తొండంతో ఆవిణ్ని ఎత్తి వెనకాల కూర్చోబెట్టుకుంది.

వారం పట్టలేదు. ఉడుములు వేళ్లు తవ్వాయి. కుందేళ్లు లేతవి కొరికాయి. ఉడతలు పైనుంచి కొమ్మలు విరిచాయి. సన్యాసి ఒక్క ముళ్లకంప నోట పట్టుకుని లాగడానికి ఒక పూట తీసుకున్నాడు. అయినా పూటకొకటి లాగాడు. ఏడో పొద్దున నాంచారమ్మ మంద గుట్ట వెనక ఆగి తొండాలు నేలకి ఆనించింది. "లోపలికి జరగండమ్మా" అన్న కేక మళ్లీ వినబడింది. గుట్ట మీద ఆ పూట అందరూ కడుపునిండా నీళ్లు తాగారు.

అటు రోడ్డు మూడోసారి వెడల్పయింది. వెడల్పైనకొద్దీ అందరూ అక్కడే పరిగెత్తారు, అక్కడే గుద్దుకున్నారు. పాపం మృగరాజు సంగతి అన్నిటికన్నా కనికష్టమైపోయింది. గుహలోంచి కొలను కనిపిస్తుంది, నిజమే. కొలను దగ్గర నిలబడ్డ దుప్పికి గుహలోంచి వచ్చే రాజు కూడా కనిపిస్తాడు. పొంచి ఉందామంటే పొద లేదు. ఆయన నాలుగడుగులు వేసేసరికి కొలను గట్టు ఖాళీ అయ్యేది. వాగుకి కట్ట పడ్డాక కొలనులోకి కొత్త నీరు రావడం ఆగిపోయి, ఈవలి ఒడ్డంతా బురదైంది. తాగుదామంటే ఆవలి ఒడ్డుకి పోవాలి. నెల తిరిగేసరికి జూలు తప్ప రాజు కనిపించడం మానేశాడు.

దుప్పులు, అడవిగేదెలు ఒక్కొక్కరే రోడ్డు వదిలి చింతచెట్ల దారికి వచ్చేశారు. ఒకరోజు పొద్దున, ఏనుగు కోసం నిలబడ్డ వరసలో చిట్టచివర, కాలిన పాదాలు మార్చి మార్చి ఎత్తుకుంటూ మృగరాజు కనిపించాడు. అతని ముందు సన్యాసి ఉన్నాడు.

"రాజుగారు ముందుకి వెళ్తారేమో" అన్నాడు సన్యాసి తప్పుకోబోతూ.

"నీ చోట నువ్వుండరా" అంది గవరమ్మ. "ఇక్కడ ముందొచ్చినవాళ్లు ముందు."

"ఎక్కిన తర్వాత ఇంకో రూలు ఉంది" అంది నాంచారమ్మ రాజు మొహంలోకి చూసి. "నా మీద ఉన్నంతసేపు ఎవరూ ఎవర్నీ తినకూడదు."

రాజు ఒప్పుకున్నాడు. నెల రోజుల తర్వాత ఆయన చెట్టునీడలోకి రావడం అదే మొదటిసారి. నాంచారమ్మ నడకకి, చింతచెట్ల గాలికి, కొలను చేరకముందే కునుకు పట్టేసింది. ఒకవైపు కుందేలు, ఒకవైపు దుప్పిపిల్ల ఆనుకుని ఉండగా, జూలు వేలాడేసుకుని నిద్రపోతున్నాడు.

సరిగ్గా అప్పుడు నక్క పక్కన పరిగెడుతూ వచ్చాడు. వెనకాల అడవిపంది. పాత రోడ్డు కింద దుంపలైపోయాయి, ఎలుకలైపోయాయి. పాపం ఇద్దరూ చిక్కారు.

"ప్రభూ" అన్నాడు నక్క కింద నుంచి. "ఇంతమంది ఈ దారిన వస్తున్నారంటే దీనికి ఎంత ఆదరణ ఉందో చూడండి. తమరి పాలనలో ఇదొక ఘనవిజయం. కానీ దారి మరీ ఇరుకుగా ఉంది. ఏనుగుల సౌకర్యం కోసం ఈ చింతచెట్లు తీసేసి, తిన్నగా ఒక రోడ్డు వేద్దామా?"

ఏనుగు అడుగు వేసింది. రాజు తల ముందుకి వాలింది. ఏనుగు ఇంకో అడుగు వేసింది. రాజు తల మళ్లీ వాలింది.

"రాజుగారు రెండుసార్లు తలూపారు" అని నక్క అడవిపందితో అన్నాడు.

మర్నాడు పొద్దుటికి చింతచెట్ల దారి పొడుగునా, పది అడుగులకొకటి, తెల్లగా చెక్కిన కొయ్యమేకులు పాతి ఉన్నాయి. కొత్త రోడ్డు ఎక్కడి నుంచి ఎక్కడి దాకా పోవాలో వాటి గుర్తు. గుట్ట మీదివాళ్లంతా చేరి చూస్తున్నారు. గవరమ్మ మొదటి మేకు దగ్గరికి కుంటుకుంటూ వెళ్లింది. వాసన చూసింది. తీరిగ్గా కూర్చుని, కింద నుంచి పటపటా కొరకడం మొదలుపెట్టింది. ముళ్లపంది పళ్లు అవి. కొయ్య ఆగదు.

కోతి చెట్టు మీంచి దూకి వచ్చాడు. "ఏం చేస్తున్నావు మామ్మా?"

"అభ్యంతరం తెలియజేస్తున్నాను."

"అభ్యంతరాలు రాతపూర్వకంగా ఇవ్వాలి."

"ఇదివరకు ఇచ్చాను. నువ్వు తినేశావు" అంది గవరమ్మ. "ఈసారి నేను తింటున్నాను."

మొదటి మేకు కూలింది. ఆవిడ రెండో మేకు వైపు జరిగింది. కుందేళ్లు మొహమొహాలు చూసుకుని మూడో మేకు దగ్గర కూర్చున్నాయి. ఉడతలు నాలుగోదాని మీదికెక్కాయి. పళ్లు లేని సన్యాసి అయిదో మేకుకి వీపు ఆనించి నెట్టడం మొదలుపెట్టాడు. దారి పొడుగునా ఇంకా మూడొందల మేకులున్నాయి. అవతల కొసన అడవిపంది కొత్తవి చెక్కుతూనే ఉన్నాడు.

నీతి: మంచి దారి దొరికితే గట్టిగా మెచ్చుకోకండి, దాని మీద రోడ్డు వేస్తారు.

అది సరే, మీ పళ్లు గట్టిగా ఉన్నాయా?